కంగారూలు మరీ ఎక్కువైపోయాయా, అంతరించిపోతున్నాయా? ఎవరి మాట నమ్మాలి?

శ్రావణి_డబ్బో:
అందరికీ నమస్కారం. న్యూ సౌత్ వేల్స్‌లో డబ్బో దగ్గర ఒక వృద్ధాశ్రమంలో ఈమధ్యే నర్సుగా చేరాను. తెల్లవారుజాము డ్యూటీ. ఊరు దాటితే చాలు, రోడ్డుకి రెండు పక్కలా చచ్చిపడిన కంగారూలే. చూడలేక కళ్ళు మూసుకుందామంటే స్టీరింగ్ నా చేతిలోనే ఉందాయె. మాతో పనిచేసే ఒకావిడ వాళ్ళకి గొర్రెల ఫారం ఉంది. "అవి పంటకి చీడ, ఎన్ని పోతే అంత మంచిది" అంటుంది. ఇంటికొచ్చి ఫోన్ తీస్తే "కంగారూలు అంతరించిపోతున్నాయి, విరాళం ఇవ్వండి" అని ప్రకటన. ఇద్దరిలో అబద్ధం ఎవరిది? పనిలో పని, చీకట్లో బండి నడపడానికి జాగ్రత్తలేమైనా ఉంటే అవీ చెప్పండి.

మంచిర్యాల_రమేష్:
చెల్లే, నేను అడిలైడ్ నుంచి పెర్త్ దాకా లారీ నడుపుత. డ్రైవింగ్ ముచ్చట నేను చెప్త, మిగిలింది చదువుకున్నోళ్ళు చెప్తరు. పొద్దుగూకేటప్పుడు, తెల్లారేటప్పుడు అవి మేతకు బయటికొస్తయి. ఒకటి దాటిపోయిందని యాక్సిలేటర్ తొక్కకు, ఎనుక ఇంకోటి ఉంటది. అడ్డమొస్తే స్టీరింగ్ మాత్రం తిప్పకు. బ్రేక్ తొక్కుకుంట సీదా పో. తిప్పినోళ్ళే చెట్టుకు గుద్దుకుంటరు, కంగారూ మంచిగనే దుంకుకుంట పోతది.
ఇంకోటి. ఇంత వాన పడితే నీళ్ళన్నీ తారు మీదికెల్లి జారి రోడ్డు అంచులకే చేరుతయి. చుట్టూ ఎండిపోయినా ఆడ మాత్రం పచ్చిగడ్డి లేస్తది. అందుకే కరువుల రోడ్డు మీద ఎక్కువ సచ్చిపోతయి.

కాన్‌బెర్రా_కిట్టు:
రమేష్ అన్న చెప్పింది అక్షరాలా పాటించండి. అద్దె కారైతే ఒప్పందం కూడా చదువుకోండి. నేను తీసుకున్న కంపెనీవాళ్ళు ఊరి బయట రాత్రిపూట జంతువుని గుద్దితే బీమా లేదని చిన్న అక్షరాల్లో రాసుకున్నారు. బంపర్ డబ్బులు నేనే కట్టాను.
మీ అసలు ప్రశ్నకి: ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. మా కాన్‌బెర్రాలో పొద్దున్నే మైదానానికి పిల్లలకన్నా ముందు కంగారూలే హాజరు. 2009 నుంచి దాదాపు ప్రతి చలికాలం ఇక్కడి ప్రభుత్వమే కొన్ని రిజర్వులు రాత్రిపూట మూసేసి, లెక్క కట్టి మరీ కాల్పిస్తుంది. వద్దని కోర్టుకెక్కేవాళ్ళు ఎక్కుతూనే ఉంటారు.

పచ్చగడ్డి:
"లెక్క కట్టి మరీ కాల్పిస్తుంది" అని ఎంత తేలిగ్గా రాశారండీ! తన జాతీయ చిహ్నం మీద నిలబెట్టుకున్న జంతువుని తానే కాల్చి, మాంసం కట్టి అమ్ముకునే దేశం ఇంకెక్కడైనా ఉందా?

జువాలజీ_మాస్టారు:
శ్రావణమ్మా, తెనాలి కాలేజీలో ముప్పై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, కాస్త ఓపిగ్గా చదువు. కంగారూ కుటుంబం ఒక్క జంతువు కాదు. పెద్దవి నాలుగు: ఎర్ర కంగారూ, తూర్పు బూడిదరంగుది, పడమటి బూడిదరంగుది, ఉత్తరాన ఉండే ఆంటిలోపైన్. ఆ తర్వాత వాలరూలు, వాలబీలు, రాతిగుట్టల మీద బతికే రాక్ వాలబీలు, పెర్త్ ఎదురుగా రాట్‌నెస్ట్ దీవిలో నవ్వుమొహం క్వోకాలు, న్యూగినీ అడవుల్లో చెట్లెక్కే ట్రీ కంగారూలు, ఎలుకకి కాస్త పెద్దన్నల్లా ఉండే బెట్టాంగులు, పొటరూలు. అన్నీ కలిపితే అరవై పైచిలుకు జాతులు. మీ ఫారమావిడ మాట్లాడేది మొదటి వరస గురించి. విరాళాలవాళ్ళు మాట్లాడాల్సింది చివరి వరస గురించి. కానీ ఫొటో మాత్రం పెద్దదాన్నే పెడతారు, అదే చూడముచ్చటగా ఉంటుంది కనక.

వినయ్_బీటెక్:
మాస్టారూ, ఆడ కంగారూకి మూడు యోనులు ఉంటాయని రీల్‌లో చూశాను. నిజమేనా, వ్యూస్ కోసం కొట్టిందా?

నిర్వాహకుడు:
మాస్టారి క్లాసు కాబట్టి ఈ ప్రశ్న ఉంచుతున్నాను. జోకులు మొదలైతే తీసేస్తా.

జువాలజీ_మాస్టారు:
నిజమే నాయనా, సిగ్గుపడాల్సిందేమీ లేదు. గర్భాశయాలు రెండు. పక్కన ఉన్న రెండు మార్గాలు వీర్యం వెళ్ళడానికి, మధ్యది బిడ్డ బయటికి రావడానికి.
ఆ బిడ్డ సంగతి వినాలి అసలు. ఎర్ర కంగారూకి గర్భం 33 రోజులే. పుట్టినప్పుడు బరువు ఒక గ్రాము కూడా ఉండదు, పొడవు రెండు సెంటీమీటర్ల పైమాట. కళ్ళు లేవు, చెవులు లేవు, వెనక కాళ్ళు మొగ్గల్లా ఉంటాయి. ముందు చేతులు మాత్రం గోళ్ళతో సహా సిద్ధం. ఆ చేతులతో తల్లి పొట్ట మీది బొచ్చు పట్టుకుని, ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ, కొద్ది నిమిషాల్లో సంచిలోకి పాక్కుంటూ పోతుంది. తల్లి సాయం పట్టదు. లోపల నాలుగు చనుమొనలుంటాయి. ఒకటి నోట్లో పెట్టుకోగానే ఆ మొన నోట్లోనే ఉబ్బి బిగుసుకుంటుంది, రెండు నెలలు దాటేదాకా వదలదు. ఎనిమిది నెలలకి సంచి పూర్తిగా ఖాళీ చేస్తుంది. బూడిదరంగువాటికి పదకొండు నెలల దాకా పడుతుంది.
ఇక మెలిక ఏమిటంటే, ఎర్ర కంగారూ కని ఒకటి రెండు రోజులు తిరక్కుండానే మళ్ళీ జతకడుతుంది. ఆ పిండం ఎనభై, వంద కణాల దగ్గర ఆగిపోతుంది. సంచిలో ఉన్నది గట్టిగా పాలు తాగుతున్నంతకాలం ఇది కదలదు. అది పెద్దదై పాలు తగ్గించేసరికి ఇక్కడ పిండం మేల్కొంటుంది. పెద్దది సంచి దిగిన మర్నాడో ఆ మర్నాడో చిన్నది ఎక్కుతుంది. అంటే ఒక తల్లికి ఒకే కాలంలో బయట గెంతే పిల్ల, సంచిలో పిల్ల, లోపల ఆగి ఉన్న పిండం. దిగిన పెద్దపిల్ల తల మాత్రం సంచిలో దూర్చి పాత చనుమొనకే తాగుతుంది. దానికి చిక్కటి, కొవ్వెక్కువ పాలు. పక్క మొనలో పసిదానికి పలచటి పాలు. ఒకే తల్లి, ఒకే రక్తం, ఒకే హార్మోన్లు, రెండు రకాల పాలు!

శ్రావణి_డబ్బో:
ప్రసూతి వార్డులో పనిచేసి వచ్చినదాన్ని, ఇది చదివి నోరు తెరిచాను. మరి కరువొస్తే ఇంత సంసారాన్ని ఎలా సాకుతుంది?

జువాలజీ_మాస్టారు:
సాకదమ్మా. పాలు తగ్గుతాయి, సంచిలోది చచ్చిపోతుంది. నెల తిరిగేసరికి ఆగి ఉన్న పిండం దాని చోటులోకి వస్తుంది. అదీ పోతే ఇంకొకటి. కరువు మరీ ముదిరితే పిల్లల్ని కనడమే ఆపేస్తుంది. వాన పడగానే మళ్ళీ మొదలు. అందుకే వాటి జనాభా ఎప్పుడూ ఒక్కచోట నిలవదు. 1982-83 కరువులో లక్షలకి లక్షలు పోయాయి, తర్వాత కోలుకున్నాయి.

వినయ్_బీటెక్:
గంతులేస్తూ అంత దూరం పోతే ఒంట్లో శక్తి అయిపోదా? కంగారూ నడవలేదని కూడా విన్నాను.

జువాలజీ_మాస్టారు:
1973లో డాసన్, టేలర్ అనే ఇద్దరు ఎర్ర కంగారూలను ట్రెడ్‌మిల్ ఎక్కించి అవి పీల్చే ఆక్సిజన్ కొలిచారు. వేగం పెరిగినా ఖర్చు పెద్దగా పెరగలేదు. మడమ వెనక స్నాయువు దిగేటప్పుడు సాగి శక్తి దాచుకుంటుంది, లేచేటప్పుడు తిరిగిస్తుంది. పొట్టలోని అవయవాలు ముందుకీ వెనక్కీ ఊగి ఊపిరి ఆడటానికీ సాయపడతాయి, ఒక గంతుకి ఒక శ్వాస.
నడక విషయానికొస్తే, మేస్తూ మెల్లగా కదిలేటప్పుడు చూడు. ముందు చేతులు, తోక నేల మీద ఆన్చి వెనక కాళ్ళు రెండూ ఒకేసారి ముందుకి వేస్తుంది. తోక ఊరికే ఊతం అనుకునేవాళ్ళు. 2014లో కొలిస్తే, ముందుకి తోసే బలం మిగతా కాళ్ళన్నీ కలిపి ఇచ్చేదానికి సమానంగా తోకే ఇస్తోందని తేలింది. అంటే అది ఐదో కాలు. నేల మీద వెనక కాళ్ళు విడివిడిగా ఆడించలేదు గానీ, నీళ్ళలో పడితే ఒక్కో కాలూ వేసి ఈదుతుంది.

మంచిర్యాల_రమేష్:
నీళ్ళంటే యాదికొచ్చింది. కుక్క ఎంటపడితే అది కావాలనే చెరువులకు దిగుతది. నడుము లోతుల నిలబడి, కుక్క దగ్గరికి రాంగనే రెండు చేతులతోని తల పట్టి నీళ్ళల్ల ముంచుతది. మా దోస్తు ఫారంల నా కండ్లతోని చూసిన. కుక్కను ఇడిపియ్యనీకి పోకుండ్రి, మీకూ తన్ను పడ్తది. తోక మీద కూసుండి రెండు కాళ్ళూ లేపి తంతది, ఆ నడిమి ఏలు గోరు సూస్తే తెలుస్తది.

డా_పద్మజ_వెట్:
రమేష్ గారి మాట సరదాగా తీసుకోకండి. ఎర్ర కంగారూ మగది 85 కిలోల దాకా పెరుగుతుంది, ఆడది అందులో సగం కూడా ఉండదు. 2022లో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక పెద్దాయన పెంచుకుంటున్న కంగారూయే ఆయన్ని చంపింది. అంబులెన్స్‌వాళ్ళని కూడా అది దగ్గరికి రానివ్వలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో మన పశ్చిమ బెంగాల్‌లో జల్పాయిగురి దగ్గర అడవి పక్క రోడ్డు మీద కంగారూలు దొరికాయి, గుర్తుందా? దొంగ రవాణాలో తెచ్చి వదిలేసిపోయినవి. పెంపుడు జంతువుల మోజుకి చివరికి జరిగేది ఇదే.
శ్రావణీ, నువ్వు ఆ దారిన రోజూ వెళ్తావు కాబట్టి నీకు పనికొచ్చేది చెప్తాను. చచ్చిపడిన కంగారూ కనపడితే, వెనకాముందూ బండ్లు లేవని చూసుకుని, సురక్షితంగా ఆపగలిగితేనే ఆపు. ఆడదైతే సంచిలో చెయ్యి పెట్టి చూడు. తల్లి పోయి గంటలైనా లోపల పిల్ల బతికుండొచ్చు. బొచ్చు ఇంకా రాని పిల్లైతే ఒళ్ళంతా గులాబీ రంగులో, వేళ్ళకి వేడిగా, నున్నగా తగులుతుంది. చర్మం కింద నరాలు కనపడుతుంటాయి. చనుమొన నోట్లో ఉంటుంది. దాన్ని లాగకు! దవడ, నోరు చిరిగిపోతాయి. కత్తెరతో మొనని తల్లి వైపు కత్తిరించి, పిల్ల మింగకుండా కొసకి పిన్నీసు గుచ్చి, దాన్ని దిండు గలీబుకి పెట్టెయ్. గలీబులో వేసి నీ స్వెట్టర్ లోపల పొట్టకి ఆనించుకో, ఒంటి వేడి చాలు. ఆవుపాలు, నీళ్ళు ఏవీ వద్దు. లాక్టోజ్ పడక విరేచనాలు పట్టుకుంటాయి, కంటిలో పొర కూడా వస్తుంది. వెంటనే వైర్స్‌ (వన్యప్రాణులను కాపాడే సంస్థ) వాళ్ళకి ఫోన్ చెయ్. లైసెన్సు లేకుండా ఇంట్లో పెంచడం నేరం. ఇంకోటి, ఫొటోల కోసం అటూ ఇటూ తిప్పకు. భయానికి కండరాలు దెబ్బతిని, బాగానే ఉందనుకున్న పిల్ల కొన్ని రోజుల తర్వాత చచ్చిపోతుంది.

శ్రావణి_డబ్బో:
పద్మజక్కా, కారులో కత్తెర, పిన్నీసు, గలీబు ఇవాళే పెట్టేశాను.

పచ్చగడ్డి:
పద్మజ గారూ, రోడ్డు మీద ఒక్క పిల్ల కోసం ఇంత చెప్పారు. మరి వేటగాడు తల్లిని కాల్చాక సంచిలో పిల్లని ఏం చేస్తారో కూడా చెప్పండి.

డా_పద్మజ_వెట్:
చెప్తాను, దాచాల్సిందేం లేదు. ప్రభుత్వ నియమావళి ప్రకారం పెద్దదాన్ని తలలోనే కాల్చాలి. సంచిలో పిల్ల ఉంటే తలపై గట్టిగా కొట్టి వెంటనే చంపాలి. బయట తిరిగే పిల్ల చీకట్లోకి పారిపోతే దాని గతి ఎవరూ చూడరు. నాకు ఈ వ్యాపారంలో మింగుడుపడనిది అదే. ఆ కారణంగా చాలా కంపెనీలు మగవాటినే కొంటున్నాయి.

కాన్‌బెర్రా_కిట్టు:
అంకెలు కూడా చూడాలి కదా పచ్చగడ్డి గారూ. వాణిజ్య వేట సాగే ప్రాంతాల్లోనే పెద్ద కంగారూలు మూడు నాలుగు కోట్లు. ఏటా విమానాల్లోంచి లెక్కపెట్టి అందులో 15 నుంచి 20 శాతం దాకా కోటా ఇస్తారు, నిజంగా కొట్టేది దానికి చాలా తక్కువ. ఎందుకంటే కొనేవాడు లేడు. 2009లో రష్యా దిగుమతి ఆపేసింది. కాలిఫోర్నియా 2016 నుంచి మళ్ళీ నిషేధించింది. 2023లో నైకీ, ప్యూమా రెండూ ఫుట్‌బాల్ బూట్లకి కంగారూ తోలు మానేస్తామన్నాయి. వేట ఆగితే కంగారూ సుఖంగా ఉంటుందనుకుంటున్నారా? వాటిని కొనేవాడు లేకపోతే రైతు పర్మిట్ తీసుకుని కాల్చి పొలంలోనే వదిలేస్తాడు. అదీ కాకపోతే కరువొచ్చి కంచెల పక్కన ఎముకలగూళ్ళై పడి ఉంటాయి.

పచ్చగడ్డి:
కరువులో చస్తాయి కాబట్టి ముందే మనం చంపుదాం అన్నది వాదన కాదు.

అడవి_గాలి:
పెర్త్‌లో వన్యప్రాణి సంరక్షణలో పనిచేస్తున్నాను. మీరిద్దరూ కాల్చాలా వద్దా అని కొట్టుకుంటుంటే అసలు పోయేవి పక్కనుంచి పోతున్నాయి. పెద్దవి ఎందుకు పెరిగాయో, చిన్నవి ఎందుకు పోయాయో రెండింటికీ కారణం ఒకటే: గొర్రెల కోసం ఈ దేశాన్ని మార్చిన తీరు.
బోర్లు వేసి ఎడారిలో నీళ్ళు పెట్టారు. డింగోలనే అడవికుక్కలను చంపి, మిగిలినవి రాకుండా క్వీన్స్‌లాండ్ నుంచి దక్షిణ తీరం దాకా 5,600 కిలోమీటర్ల కంచె కట్టారు. నీళ్ళుండి, తినేవాడు లేకపోతే ఎర్ర కంగారూ పెరగదా? కంచెకి ఇటు, అటు లెక్క చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది.
అదే మనుషులు వేటసరదాకి నక్కని తెచ్చారు, పిల్లి ఓడల్లో వచ్చింది. 60 కిలోల కంగారూని నక్క ఏం చెయ్యలేదు. కిలో, రెండు కిలోల బరువుండి, నేల మీద పొదల్లో పడుకునేవాటికి తప్పించుకునే దారి లేదు. సుమారు 35 గ్రాముల నుంచి ఐదున్నర కిలోల మధ్య బరువున్నవే ఎక్కువగా పోయాయని 1989లోనే ఇక్కడి శాస్త్రవేత్తలు చూపించారు. గడ్డి గొర్రెలు మేసేశాయి, కుందేళ్ళు మిగిలింది తినేశాయి, దాక్కునే చోటూ లేకపోయింది. టూలాకీ వాలబీ అని, చాలా అందంగా గెంతేదని రాస్తారు, చివరిది 1939లో బోనులో చచ్చిపోయింది. ఎడారి ఎలుక కంగారూ పోయిందనుకుంటే 1931లో మళ్ళీ కనపడింది, నాలుగేళ్ళకి మళ్ళీ మాయం. ఇక లేదు.

వినయ్_బీటెక్:
అంటే కొన్ని మళ్ళీ దొరుకుతాయా?

అడవి_గాలి:
ఒక మంచి ఉదాహరణ ఉంది. బ్రైడిల్డ్ నెయిల్‌టెయిల్ వాలబీ, మెడ నుంచి భుజాల మీదుగా కళ్ళెంలా తెల్లటి చారలుంటాయి. 1937 తర్వాత కనపడలేదు, పోయిందని రాసేశారు. 1973లో క్వీన్స్‌లాండ్‌లో డింగో అనే చిన్న ఊరి దగ్గర కంచెలు కట్టే కాంట్రాక్టర్ ఒకాయన పత్రికలో దాని బొమ్మ చూసి, "ఇది నేను పనిచేసే చోట ఉందే" అన్నాడు. అక్కడే టాంటన్ నేషనల్ పార్కు పెట్టారు. ఇప్పుడు అవోసెట్ అనే చోట ఇంకో పద్ధతి: పిల్లి చంపేది చిన్నవాటినే కనక, మూడు కిలోలు దాటేదాకా పిల్లలను కంచెలో ఉంచి, పెద్దవయ్యాక వదులుతున్నారు. సంఖ్య పెరిగింది.
మాలా అనే చిన్న వాలబీ సంగతి వింటే కడుపు తరుక్కుపోతుంది. ప్రధాన భూభాగంలో టనామీ ఎడారిలో రెండే గుంపులు మిగిలాయి. 1987లో ఒక నక్క దూరి ఒక గుంపు మొత్తాన్ని తినేసింది. 1991లో కార్చిచ్చు రెండోదాన్ని తుడిచేసింది. ముందుగానే కొన్నిటిని పట్టి పెంచబట్టి వంశం నిలిచింది. ఇప్పుడు ఎడారి మధ్య ఉలురు అనే పెద్ద ఎర్రకొండ దగ్గరా, న్యూహేవెన్ అభయారణ్యంలోనూ పిల్లి దూరలేని కంచెల వెనక ఉన్నాయి. అక్కడి అనంగు ప్రజలకి మాలా పూర్వీకుల లాంటిది, ఉలురు కథల్లో ఉంటుంది.

జువాలజీ_మాస్టారు:
వాయిలీ అనే బెట్టాంగు గురించి కూడా చెప్పు తల్లీ, అది మీ పెర్త్ వైపుదే కదా.

అడవి_గాలి:
అవును మాస్టారూ, మా ఆఫీసులో అందరికీ ముద్దు అదంటే. కిలో పైచిలుకు బరువు, తోకతో గడ్డిపరకలు చుట్టి పట్టుకుని గూటికి మోసుకుపోతుంది. నేలలోని పుట్టగొడుగుల కోసం రాత్రంతా తవ్వుతుంది, ఏడాదికి ఐదు టన్నుల దాకా మట్టి తిరగేస్తుంది ఒక్కటే! ఆ గుంతల్లో నీళ్ళింకుతాయి, విత్తనాలు నిలుస్తాయి. మాకు ఒక అదృష్టం ఉంది. ఇక్కడి కొన్ని పొదల్లో సహజంగానే ఫ్లోరోఎసిటేట్ అనే విషం ఉంటుంది, తరతరాలుగా తిన్న స్థానిక జంతువులు దాన్ని తట్టుకుంటాయి, బయటి నక్క తట్టుకోదు. అదే విషాన్ని 1080 పేరుతో మాంసం ఎరలో పెట్టి వేస్తే నక్కలు తగ్గాయి, వాయిలీలు పెరిగాయి. 1996లో ప్రమాదంలో ఉన్న జాబితా నుంచి తీసేశారు కూడా. మూడేళ్ళు తిరక్కుండానే పడిపోవడం మొదలై, కొద్దికాలంలోనే 90 శాతం పోయాయి. నక్క తగ్గిన చోట పిల్లి చేరిందని ఒక అనుమానం, రక్తంలో పరాన్నజీవి అని ఇంకోటి. ఇప్పుడు మళ్ళీ అత్యంత ప్రమాదంలో ఉన్నవాటిలో ఉంది. 2021 నుంచి దక్షిణ ఆస్ట్రేలియాలో యార్క్ ద్వీపకల్పంలో వదులుతున్నారు.

పచ్చగడ్డి:
నక్కలకి విషం పెట్టడం కూడా నాకు రుచించదు, కానీ మాలా కథ చదివాక గట్టిగా వద్దనలేకపోతున్నాను. కాన్‌బెర్రాలో కాల్పులకి మాత్రం ఇంకా ఒప్పుకోను.

కాన్‌బెర్రా_కిట్టు:
ఇక్కడ కూడా గొడవ చిన్నవాటి కోసమేనండీ. గడ్డి నేల మీద సాలీడు గుంతల్లో బతికే చెవుల్లేని తొండ ఒకటుంది, కంగారూలు గడ్డిని బొత్తిగా కొరికేస్తే దానికి చోటుండదు. గర్భం రాకుండా గోనాకాన్ అనే టీకా కూడా ప్రయత్నిస్తున్నారు. ఒక్కోదానికి బాణంతో వెయ్యాలి, అందుకే అన్నిచోట్లా కుదరదు.

శ్రావణి_డబ్బో:
అయితే విరాళం ఇవ్వాలంటే కంగారూ ఫొటో చూసి కాదు, పిల్లి కంచె ఎక్కడ కడుతున్నారో చూసి ఇవ్వాలన్నమాట. చివరిగా ఒకటి. బండి ముందు బిగించే ఈల, కంగారూలను తరుముతుందంటూ షాపులో అమ్ముతున్నారు. కొననా?

మంచిర్యాల_రమేష్:
కొనకు చెల్లే. మెల్‌బోర్న్ యూనివర్సిటోళ్ళు పరీక్ష చేసి, కంగారూలు దాన్ని లెక్కజెయ్యలేదని చెప్పిండ్రు. వోల్వో కారుకే తిప్పలైంది. దుప్పిని పసిగట్టే కెమెరా ఈడ పెట్టి చూస్తే, కంగారూ గాల్లకు లేసినప్పుడు దూరం ఉన్నట్టు, దిగినప్పుడు దగ్గరున్నట్టు లెక్క తప్పిందట. ఆ పైసలతోని మంచి లైట్లు ఏయించుకో. చీకట్ల ఎనభై దాటకు.

అడవి_గాలి:
ఇంట్లో పిల్లి ఉన్నవాళ్ళు రాత్రి బయటికి వదలకండి. అంతకన్నా మీరు చెయ్యగలిగింది లేదు.

కాన్‌బెర్రా_కిట్టు:
మా దగ్గర 2022 జులై తర్వాత పుట్టిన పిల్లులను వదిలితే జరిమానా. మా ఆవిడ పిల్లికి వరండా చుట్టూ జాలీ కట్టించింది, నా ఈజీ చైర్ ఇప్పుడు లోపల దానిది.

నిర్వాహకుడు:
బూట్లు, తోలు మీద వాదన విడిగా కొత్త థ్రెడ్‌లో పెట్టాను. పచ్చగడ్డి గారూ, కిట్టు గారూ, అక్కడ కానివ్వండి.